‘అని’ కాడ కోసిన మాట

ఆమె పోయిందన్న సంగతి నాకు మా డిగ్రీ క్లాసు గ్రూపుల తెలిసింది. పొద్దుగాల నేను చదువు చెప్పే ఇస్కూలుకు తయారైతున్న, చాయ పొయ్యి మీదుంది. ఎవరో ఆమె పాత ఫొటో పెట్టి, కింద దండం పెట్టే బొమ్మ పెట్టిన్రు. “ఎవరు ఈమె, గుర్తొస్తలేదు” అని ఒకరు అడిగిన్రు. “గదే, క్రైస్తవులు పిల్లలను తింటరు అన్న వీడియో అమ్మాయి” అని ఇంకొకరు జవాబిచ్చిన్రు. అప్పుడు అందరికి గుర్తొచ్చింది. వరుసపెట్టి అయ్యో, పాపం అని మెసేజ్‌లు వచ్చినయి.

చాయ దించి అట్లనే కూసున్న. మూడేండ్లు ఒక్క రూముల ఉన్నోళ్ళం. నేను ఆమెను ఆ వీడియోతోని ఎన్నడు యాది చేసుకోలే.

నాకు యాదికొచ్చేది చాప మీద బోర్లించిన ఫోను. సిద్దిపేటల మెదక్ రోడ్డు పక్క సందుల, రేకుల కప్పు కింద మాకో కిరాయి రూముండె. కాలేజీ నుంచి వచ్చి అన్నం వండుకున్నంక ఆమె ఫోను పట్టుకునేది. ఏ వీడియో వచ్చినా ముందు సౌండ్ బంద్ చేసి బొమ్మ మాత్రమే చూసేది. తర్వాత ఫోను బోర్లించి, కండ్లు మూసుకొని మాట మాత్రమే ఇనేది. అటెన్క రెండు కలిపి చూసేది. చూసుకుంట చెవి తమ్మెను రెండు వేళ్ళతోని పట్టుకొని మెల్లగ గుంజుకుంటుండేది. ఏదన్న అనుమానం తగిలిందంటే ఆ తమ్మె ఎర్రగయ్యేది.

“ఒక్కసారి చూస్తే సరిపోదా?” అని నేను ఇసుక్కునేదాన్ని.

“కండ్లు ఒకటి చెప్తయే, చెవులు ఇంకోటి చెప్తయి. రెండు ఒక్కసారే ఇచ్చిన్రంటే మనకు ఆలోచన చేసెటందుకు జాగ ఇయ్యలేదన్నట్టు” అనేది.

ఇంకో మాటుండె ఆమెకు. దేని గురించి చెప్పినా సరే, అది బస్సు రద్దయిందన్న ముచ్చటైనా, సార్ లీవు పెట్టిండన్న ముచ్చటైనా, “చూసినోళ్ళు చెప్పిన్రా, ఇన్నోళ్ళు చెప్పిన్రా?” అని అడిగేది. క్లాసుల పోరగాండ్లు ఆ మాటతోని ఆమెను ఎక్కిరిచ్చేటోళ్ళు. ఆమె గూడ నవ్వేది. నవ్వి, మళ్ళ అదే అడిగేది.

ఆ మాట ఎట్ల పుట్టిందో ఒకసారి వాళ్ళ బాపే నాకు చెప్పిండు. వాళ్ళది అక్కన్నపేట దిక్కు ఒక చిన్న ఊరు. బాపుకు కొంచెం పొలం ఉంది, ఇంటి పక్కన రేకుల షెడ్డుల ఆదివారం ఆదివారం ప్రార్థన పెట్టేటోడు. కూలికి పోయేటోళ్ళు, చిన్న రైతులు వచ్చేటోళ్ళు. ఇంట్ల గోడకు ప్రభువు బొమ్మున్న క్యాలెండరు ఉండె. ఈమె చిన్నగున్నప్పుడు ఆ బొమ్మ కింద నిలబడి, “బాపూ, ఈ ఫొటో ఎవరు తీసిన్రు?” అని అడిగిందట. ఫొటో కాదు బిడ్డా, గీసిన్రు అని చెప్పిండట. “చూసి గీసిన్రా, ఇని గీసిన్రా?” అన్నదట. ఆ ముచ్చట బాపు షెడ్డుల అందరి ముందట చెప్పి మురిసిపోయిండట. నా బిడ్డ పెద్దదై వాక్యం చెప్తది చూడున్రి అన్నడట.

ఆమె నమ్మకం ఎప్పుడు కదలలే. అది చాన మందికి తెల్వదు. రోజు పొద్దుగాల ట్రంకుపెట్టె పక్కన మోకాళ్ళ మీద కూసోని ప్రార్థన చేసుకునేది. నేను లేవకముందే అయిపోయేది, కాని ఆ గుసగుసతోనే నాకు మెలకువ వచ్చేది. ఆమె అడిగే ప్రశ్నలన్నీ ఆ మోకాళ్ళ మీది నుంచే వచ్చినయని నేననుకుంట.

రెండో సంవత్సరంల మా చరిత్ర సార్ రోమ్ రాజ్యం గురించి చెప్తుంటే లేసి నిలబడ్డది. ఆమె చెయ్యి లేపేలోపలనే లేసి నిలబడేది. “సార్, ప్రభువు మాటలు కాయితం మీదికి ఎప్పుడెక్కినయి?”

“చాన ఏండ్లకు ఎక్కినయమ్మా. అప్పటిదాంక నోటితోనే నడిచినయి” అన్నడు సార్.

“అంటే యాదిల పెట్టుకొని ఒకరికొకరు చెప్పుకున్నరు. మధ్యల ఎవరు ఏం మర్చిపోయిన్రో, ఎవరు ఏం కలిపిన్రో మనకెట్ల తెలుస్తది?”

సార్ నవ్విండు. “నువ్వు పాస్టర్ బిడ్డవు. నన్ను అడుగుతవేందమ్మా?”

“నమ్మనోళ్ళు అడిగితే ఎక్కిరింపు అయితది సార్. నమ్మినోళ్ళే అడగాలె” అన్నది.

ఆ రోజు నుంచి సార్ ఆమెకు తన ఇంట్ల పుస్తకాలు తెచ్చిచ్చుడు షురూ చేసిండు. అన్నీ ఇంగ్లీషువి. ఆమె ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒక్కొక్క పేజీ ఫోన్ల అర్థాలు చూసుకుంట చదివేది. మొదటి క్రైస్తవులు ఇండ్లల్లనే కలుసుకునేటోళ్ళని, ఎక్కడో దూరంగున్నోళ్ళు రాసిన ఉత్తరాన్ని ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు ఇనేటోళ్ళని, చాన మందికి చదువు రాదని నాకు కథ చెప్పినట్టు చెప్పేది. “మా షెడ్డు లెక్కనే ఉందే. బాపు చదువుతడు, అందరు ఇంటరు” అని సంబురపడేది.

ఆ దినాలల్లనే మా అక్క కొడుకుకు అక్షరాభ్యాసం చేయించెటందుకు వర్గల్ సరస్వతి గుడికి పోదామనుకున్నం. అంతలనే అక్క ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. గుడికాడ పిల్లలను ఎత్తుకపోయే ముఠా తిరుగుతుందట, ఒక పిలగాన్ని సంచిల వేసుకపోయిన్రట. అక్క భయపడి ఇప్పుడు వద్దన్నది. ఈమె అక్కకు ఫోన్ చేసింది. “నీకెవరు పంపిన్రక్కా?” పక్కింటామె. పక్కింటామెకు వాళ్ళ మరిది. మరిదికి మద్దూరుల ఉండే ఆటో డ్రైవరు. ఆ డ్రైవరుకు ఏదో గ్రూపుల వచ్చిందట, ఆ గ్రూపుల సగం మంది ఒకరికొకరు తెల్వనే తెల్వదు. అక్కడ తెగిపోయింది.

నాకైతే గెలిచినట్టే అనిపించింది. ఆమె మాత్రం ఫోను ఒళ్ళె పెట్టుకొని దిగులుగ కూసుంది. “ఇంతమందిని అడిగితే చూసినోళ్ళు ఒక్కరు దొరకలే. ఇన్నోళ్ళే ఉన్నరు. వాళ్ళెవ్వరు చెడ్డోళ్ళు గూడ గాదు, తెలుసా. అందరు పిల్లల మీద ప్రేమతోనే పంపిన్రు.”

మేం వర్గల్ పోయినం. ఆమె గూడ వచ్చింది. లోపల పిలగాడు బియ్యంల అక్షరం దిద్దుతుంటే ఆమె బయట మెట్ల మీద మా చెప్పుల కాడ కూసోని, వచ్చేటోళ్ళను పోయేటోళ్ళను చూసుకుంట ఉంది.

మూడో సంవత్సరంల కాలేజీ హాల్ల సెమినార్ పెట్టిన్రు. పుకార్లు, సమాజం అని అంశం. సార్ ఆమె పేరు రాయించిండు. కాయితం చూసి చదివితే ఇనేటోళ్ళు నిద్రపోతరని, ఏ కాయితం లేకుండనే నిలబడి మాట్లాడింది. నేను ముందు వరుసల కూసున్న. మొదటి క్రైస్తవుల మీద రోమ్‌ల ఎట్లాంటి పుకార్లు లేసినయో చెప్పింది. వాళ్ళు తలుపులు పెట్టుకొని కలుసుకునేటోళ్ళు, ప్రభువు శరీరం, ప్రభువు రక్తం అని రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటోళ్ళు. బయటోళ్ళకు సగం సగం ఇనపడింది. అక్కడి నుంచి కథ పుట్టింది. అప్పుడు ఆమె ఈ మాటన్నది: “క్రైస్తవులు చిన్న పిల్లలను చంపి తింటరు, రక్తం తాగుతరు అని రోమ్‌ల పుకారు పుట్టిచ్చిన్రు.”

కాలేజీ వాళ్ళు రికార్డు చేయలే. వెనక వరుసల ఎవరో ఫోన్ల కొంచెం తీసి స్టేటస్ పెట్టుకున్నరు. అది చేతులు మారి సిద్దిపేటలనే యూట్యూబ్‌ల లోకల్ వార్తలు పెట్టే ఒకాయన కాడికి చేరింది. రెండు దినాలకు వీడియో బయటికొచ్చింది. అండ్ల ఆమె మొఖం, ఆమె గొంతు. “క్రైస్తవులు చిన్న పిల్లలను చంపి తింటరు, రక్తం తాగుతరు.” అంతే. పైన ఎర్ర అక్షరాలల్ల ‘పాస్టర్ కూతురే బయటపెట్టిన నిజం’ అని రాసిన్రు.

రూముల కూసోని ఆమె ఆ వీడియోను గూడ తన పద్ధతిలనే చూసింది. సౌండ్ లేకుండ, బొమ్మ లేకుండ, రెండు కలిపి. చెవి తమ్మె గుంజుకోలే. “‘అని’ కాడ కోసిండు” అన్నది. నాకు సమజ్ కాలే. “మన మాటల ‘అని’ చివరికొస్తదే. ఎవడో అన్నది మొదలు చెప్పి, అటెన్క ‘అని అన్నరు’ అంటం. గా తోక కోస్తే ఎవడో అన్న మాట మనమన్న మాట అయితది.”

తెల్లారి పొద్దుగాల ఇద్దరం ఆ చానలాయన ఆఫీసుకు పోయినం. పాత బస్టాండు కాడ బట్టల దుకాణం మీద ఒక చిన్న రూము, ఒక బల్ల, ఒక కంప్యూటరు. ఆయన మమ్ముల చూసి గుర్తుపట్టిండు. కుర్చీలేసి చాయ తెప్పిచ్చిండు. కొట్లాటకు వచ్చినమనుకొని ముందే మెత్తగ మాట్లాడిండు.

“నీ మీద పగతోని పెట్టలే చెల్లె. నువ్వెవరో గూడ నాకు తెల్వదు.”

“తెలుసన్నా. అది చూస్తనే అర్థమైంది” అన్నది ఆమె. “ఒకటి అడుగుత, చెప్తవా? ఏ ముక్క కోయాలెనో నువ్వు ఎట్ల ఎంచుకుంటవ్?”

ఆయన ఆమె దిక్కు, నా దిక్కు చూసిండు. ఎక్కిరిస్తుందేమో అనుకున్నడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకొని కంప్యూటరు దిక్కు వంగింది. కొంచెం సేపటికి ఆయనకే ఉషారొచ్చింది. ఎక్కడ చూస్తే జనం వేలు ఆగుతదో, ఏ మాట మొదలు రావాలెనో, మొఖం ఎంత దగ్గరికి గుంజాలెనో చూపించిండు. ఆమె మధ్యమధ్యల అడిగింది. “జనం నమ్మి చూస్తరా, కోపంతోని చూస్తరా?”

“రెండు ఒకటే చెల్లె. చూసుడు కావాలె.”

నాకు ఒళ్ళు మండింది. “అన్నా, ఈమె బతుకు ఆగమైతుంది. మొత్తం వీడియో పెట్టు” అన్న. మొత్తం తన దగ్గర లేదని, తనకొచ్చిన స్టేటస్ గూడ చిన్న ముక్కనే అని చెప్పిండు. మా ముందటనే తన చానల్ల నుంచి తీసేసిండు గూడ. “కాని చెల్లె, నిజం చెప్తున్న. ఇది ఇప్పుడు నా చేతుల లేదు. మస్తుమంది దించుకొని వాళ్ళవాళ్ళ దాంట్ల పెట్టుకున్నరు.”

మెట్లు దిగుతుంటే ఆమె అన్నది, “ఆయన అబద్ధం ఏం కలపలే చూడు. అన్నీ నా మాటలే.”

ఆ వీడియోను రెండు దిక్కులోళ్ళు వాడుకున్నరు. క్రైస్తవులంటే పడనోళ్ళు, చూసిన్రా వాళ్ళ పిల్లే చెప్పింది అన్నరు. క్రైస్తవులల్ల కొందరు, ప్రభువు రక్తాన్ని అవమానం చేసింది అన్నరు. మధ్యల వాళ్ళ ఊర్ల షెడ్డు ఒకటి ఉంది. చుట్టుపక్కల సంఘాల పెద్దమనుషులు బాపు ఇంటికి వచ్చి, నీ బిడ్డతోని అందరి ముందట తప్పు ఒప్పిచ్చు, లేకపోతే నీతోని మాకు సంబంధం లేదన్నరు.

ఆ ఆదివారం నేను ఆమె వెంబడి ఊరికి పోయిన. షెడ్డు నిండింది. ముందు వరుసల ఆ పెద్దమనుషులు కూసున్నరు. బాపు ముఖం కడుక్కొని వచ్చి, బిడ్డ దిక్కు చూడకుండనే, “నా బిడ్డ ఒక మాట చెప్తది” అన్నడు.

ఆమె లేసి నిలబడ్డది. తలమీద కొంగు సర్దుకుంది. “నా మాటతోని మీకు బాధ అయ్యుంటే క్షమించున్రి. కాని నేను చెప్పింది తప్పు గాదు. మీరు ఇన్నది సగమే. మొత్తం చెప్తా, చిన్నగనే ఉంటది, ఇనున్రి. ఆ దినాలల్ల ఒక గవర్నరు...”

“అవసరం లేదు” అన్నడు ముందు కూసున్న పెద్దమనిషి.

“ఇనున్రి అయ్యగారు, మన గురించే...”

అప్పుడు బాపు పాట ఎత్తుకున్నడు. పెద్ద గొంతుతోని. ఆయన పాట ఎత్తుకుంటే అందరు అందుకుంటరు, అలవాటు అది. చప్పట్లు లేసినయి. ఆమె నోరు ఇంక కొంచెం సేపు కదులుతనే ఉంది, మాట ఇనపడలే. తర్వాత కూసుంది. పాటల కలిసి పాడింది గూడ.

ఆయన పాటతోని షెడ్డు నిలవలే. మెల్లమెల్లగ జనం తగ్గిన్రు. కొందరు వేరే సంఘానికి పోయిన్రు, కొందరు పిల్లలను పంపుడు బంద్ చేసిన్రు. డిగ్రీ అయినంక ఆమెకు హైదరాబాదుల పీజీ సీటొచ్చింది, ఇంట్ల గా పరిస్థితి చూసి పోలే. దగ్గరి ఊర్ల ఒక ప్రైవేటు ఇస్కూల్ల చిన్న పిల్లలకు చదువు చెప్పుడుకు కుదిరింది. పిల్లలకు ఆమె అంటే పాణం. కొన్ని నెలలకు ఎవరో తండ్రి ఫోన్ల పాత వీడియో చూసి గుర్తుపట్టిండు. తల్లులు ఇస్కూలుకు వచ్చిన్రు. ఆమెను రావద్దన్నరు.

తర్వాత ఆమె పొలం పనిల పడ్డది. ఒకసారి సిద్దిపేట రైతుబజార్ల ఎదురైంది. వంకాయలు, బెండకాయలు ముందటేసుకొని కూసుంది. చేతుల బటన్ల ఫోను. మనిషి చిక్కిపోయింది, నవ్వు మాత్రం అట్లనే ఉంది. కాని మాట మారింది. “వాళ్ళేమన్నరంటే, వాళ్ళే అన్నరు, నేనంటలేను, ఈసారి వానలు ఎక్కువున్నయట” అన్నది. ఒక మామూలు వాన ముచ్చటకు ముందు గంత తొవ్వ నడిచింది. అన్నీ అట్లనే మాట్లాడుతున్నదని కొంచెం సేపటికి అర్థమైంది. ‘అని’ చివరికి రాకుండ ముందే కట్టేసుకుంటుంది. ఇంక చదువుతున్నవా అని అడిగిన. “సార్ పుస్తకాలు సార్‌కు ఇచ్చేసిన” అన్నది. ఎవరో వంకాయలు అడిగితే అటు తిరిగింది.

అదే ఆఖరు చూసుడు. జ్వరమొచ్చిందట. మామూలు జ్వరమే అనుకొని ఊర్లనే సూదులు వేయించుకుంట ఉంది. సిద్దిపేట దవాఖానకు తెచ్చేసరికి చెయ్యి దాటిపోయింది.

గ్రూపుల మెసేజ్ చూసిన రోజు ఇస్కూలుకు లీవు పెట్టి అక్కన్నపేట బస్సెక్కిన. నేను పోయేసరికి పొలం గట్టు కాడ గుంత తవ్వి ఉంది. వేరే సంఘాల నుంచి ఎవ్వరు రాలే. ఊర్లోళ్ళు కొందరు, మా చరిత్ర సార్, నేను. బాపే ప్రార్థన చేసిండు. పాట మాత్రం ఎవ్వరు ఎత్తుకోలే.

అంతా అయినంక వాకిట్ల కూసున్నం. సార్ పోయిండు, ఊర్లోళ్ళు పోయిన్రు. ఆమెను కన్న అవ్వ వెనక బోరింగు కాడ బోళ్ళు కడుగుతుంది. బాపు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకొని కూసున్నడు. అటెన్క నా దిక్కు తిరిగి అడిగిండు.

“బిడ్డా, ఆ దినం కాలేజీ హాల్ల నువ్వు ఉన్నవు గదా?”

“ఉన్న బాపూ. ముందు వరుసల.”

“మొత్తం ఏం చెప్పింది? నేనెన్నడు ఇనలే. ఆమె మళ్ళ చెప్పలే, నేను అడగలే. నీకు యాదికుంటే చెప్పు.”

యాది చేసుకొని చెప్పిన. రోమ్ రాజ్యంల దూరంగ ఒక జిల్లాకు గవర్నరు ఉండె. క్రైస్తవుల మీద ఫిర్యాదులు వచ్చినయి. వాళ్ళు అసలు ఏం చేస్తరో తెలుసుకోవాలని కొందరిని పిలిపించి అడిగిండు. పొద్దు పొడవకముందు కలుసుకుంటరని, ప్రభువు మీద పాట పాడుతరని, దొంగతనం చెయ్యం, మాట తప్పం అని ఒట్టు పెట్టుకుంటరని, తర్వాత కలిసి తినేది అందరు తినే మామూలు తిండేనని తెలిసింది. అయినా నమ్మక, సంఘంల సేవ చేసే ఇద్దరు దాసీ స్త్రీలను పట్టుకొచ్చి హింస పెట్టించిండు. మూఢనమ్మకం తప్ప ఇంకేం దొరకలేదని చక్రవర్తికి రాసిండు. పిల్లలను తింటరన్న పుకారు ఒట్టిదని వాళ్ళను హింస పెట్టినోడి ఉత్తరంలనే ఉందని ఆమె చెప్పింది. ఆ ఇద్దరు ఏం మాట్లాడిన్రో ఆయన రాయలే, పేర్లు గూడ రాయలే. “చరిత్ర చదువుడంటే, కొట్టిచ్చినోడు రాసినదాంట్ల దెబ్బలు తిన్నోళ్ళ మాట చెవి పెట్టి ఇనుడు” అని చెప్పి దిగిపోయింది.

బాపు కుర్చీ నా దిక్కు జరుపుకున్నడు.

“పాట పాడుతరు అని చెప్పిందా?”

“చెప్పింది బాపూ.”

ఆయన రెండు చేతులతోని మొఖం తుడుసుకున్నడు. తర్వాత ఇంటి వెనక్కి చూసి అవ్వను పిలిచిండు. “ఇటు రా. ఈ బిడ్డ చెప్తది, ఇను.” నాతోని, “మొదటి నుంచి చెప్పు” అన్నడు.

అవ్వ తడి చేతులు చీరకు తుడుసుకుంట వచ్చి గడప మీద కూసుంది. మళ్ళ మొదలుపెట్టిన. గవర్నరు, ఫిర్యాదులు, పొద్దు పొడవకముందు పాట, మామూలు తిండి. ఆ ఇద్దరు స్త్రీల కాడికి వచ్చేసరికి అవ్వ నా మొఖంలకే చూస్తుంది. హింస పెట్టించిండు అని చెప్పి, ఆగి, “వాళ్ళు మాత్రం ఏడ్వలే” అన్న.

అవ్వ మెల్లగ తలూపింది.

“అని గూడ చెప్పిందా?” అన్నడు బాపు.

హాల్ల ఆమె ఆ మాట అన్నదో లేదో నాకు యాదికి లేదు.

“చెప్పింది” అన్న.